తేడా తెలియని సీసా

నా చేతిపని మీద నాకు మహా పొగరుండేది. ఇప్పుడా చేతుల్ని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

మా ల్యాబులో తయారయ్యేది విషానికి వేసే ఎర. నానో రేణువులంటారు, కంటికి ఆనవు. వాటికి ఎర్ర రక్తకణం పైపొర తొడుగుతాం. ఒంట్లో చేరిన క్రిముల విషం వాటిని నిజం కణాలనుకుని పట్టుకుంటుంది, అక్కడే ఇరుక్కుపోతుంది. వైరస్‌కైతే వేరే తొడుగు, అదే మోసం. మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే, మామూలు మందులకు తోడుగా సగంమంది రోగులకి అసలుది, సగంమందికి ఉత్తుత్తిది ఎక్కించాలి. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరుకీ తెలియకూడదు. అసలుది నీళ్ల పాలలా ఉంటుంది. ఉత్తుత్తిదీ అలాగే కనబడేలా చేసే పని నాది. నాలుగు నెలలు కొవ్వు పాళ్లు మార్చి మార్చి, అచ్చుగుద్దినట్టు తెచ్చాను. ల్యాబు పెద్దాయన రెండు సీసాలూ వెలుతురులో పెట్టి చూసి, "కన్నతల్లి కూడా పోల్చుకోలేదమ్మాయ్" అన్నారు. ఆ మాట అక్కకి రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను.

ఆ అక్కకే మడమ మీద చిన్న పుండు పడి, విషం రక్తంలోకి ఎక్కింది. ఏ మందుకీ లొంగలేదు. మా పరీక్షలో చేర్పించి బావ చేత సంతకం పెట్టించింది నేనే.

మంచం పక్కన సీసా తగిలించారు. దానిమీద ఒక అంకె, అంతే. ఏ అంకె ఏమిటో రాసిన కాగితం పెద్దాయన బీరువాలో, సీలు వేసిన కవర్లో ఉంది.

బావ నన్ను పక్కకి లాగాడు. "నువ్వు చేసిందేగా, చూసి చెప్పు. ఉత్తుత్తిదైతే ఎవరి కాళ్లైనా పట్టుకుని మార్పిస్తా."

"నాకు తెలీదు బావా."

"వండినదానివి, ఉప్పేశావో లేదో తెలీదా?"

సీసాని కిటికీ వైపు తిప్పాను. ఫోను లైటు వేసి చూశాను. ఎక్కడో ఒకచోట పొరపాటు చేసి ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. దిక్కుమాలిన పనితనం, ఒక్క లోపం దొరకలేదు.

అక్క కళ్లు తెరిచింది. "ఎందుకే ఆ సోదా? నువ్వు చేసిందేగా, బాగానే ఉంటుందిలే" అంది.

మూడో రోజు అక్క పోయింది.

ఏడు నెలలకి కవరు విప్పారు. మందు పనిచేసింది. అసలుది అందినవాళ్లలో ఎక్కువమంది నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. గదిలో అందరూ చప్పట్లు కొడుతుంటే నేను జాబితాలో అక్క అంకె వెతుక్కున్నాను. ఉత్తుత్తిది.

ఆ సాయంత్రం బావ ఇంటికెళ్లాను. తలుపు తీస్తూనే, "తెలిసిందా?" అని అడిగాడు.

"అసలుదే బావా" అన్నాను.

గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. "అయితే మనం చెయ్యగలిగింది ఏం లేదన్నమాట" అన్నాడు కళ్లు తుడుచుకుని.

నా గొంతు ఎక్కడా వణకలేదు. ఆయన పోల్చుకోలేకపోయాడు.