మూఢంలో అమ్ముడుపోయిన కారు

నేను ఒక కారుని. తెల్లదాన్ని, చిన్నదాన్ని, గేర్లు మార్చే పని లేనిదాన్ని. కోపిష్టిదాన్ని కూడా. మనుషుల గురించి తియ్యటి మాటలు కావాలనుకునేవాళ్ళు ఏ గొడుగునో గడియారాన్నో పలకరించుకోండి, నా దగ్గర అవి దొరకవు.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. అక్కడ నాలాంటివి రోజంతా పుడుతూనే ఉంటాయి, గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. నాకంటూ ఒక బతుకు ఏర్పడింది మాత్రం కాకినాడలో, వేంకటరత్నం మాస్టారి చేతిలో. ఆయన డ్రిల్లు మాస్టారు. షుగరు జబ్బు ఆయన కుడికాలు తీసుకుపోయింది. మరొకరి మీద ఆధారపడటం ఆయనకి చచ్చినా ఇష్టం లేదు. మెకానిక్కు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, నా స్టీరింగు దగ్గర ఒక లివరు పెట్టించాడు. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. కాళ్ళతో పనే లేదు. ఆ లివరు మీద చెయ్యి వేసిన రోజున మాస్టారు చిన్నపిల్లాడిలా బీచ్ రోడ్డంతా తిప్పాడు నన్ను.

ఆయన పోయాక ఆయన భార్య నన్ను పాత కార్ల వ్యాపారి సూరిబాబుకి అమ్మింది. "కాళ్ళు సరిగ్గా లేనివాళ్ళకి ఎవరికైనా ఇవ్వు బాబూ, వాళ్ళకి అక్కరకొత్తాది" అంది. "ఆయ్, ఆ సంగతి నాకొదిలెయ్యండి పిన్నిగారూ" అన్నాడు సూరిబాబు. ఆ మనిషి నోట్లో ఎప్పుడూ బెల్లమే. ఆ బెల్లం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మాస్టారి భార్య కోరుకున్నటువంటి మనిషి రానే వచ్చింది. కుసుమకుమారి. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి, కర్రల సాయంతో నడుస్తుంది. పోస్టాఫీసులో గుమాస్తా. విశాఖ వెళ్ళి ఇలాంటి బండి మీదే నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది. తుని అవతల ఒక ఊళ్ళో పోస్ట్‌మాస్టరుగా ప్రమోషను వచ్చింది. రోజూ ఆటోలో వెళ్ళిరాగల దూరం కాదు. నెలాఖరుకి అక్కడ చేరాలి, లేదంటే ప్రమోషను వదులుకోవాలి. లివరు ఉన్న బండి కోసం ఊళ్ళన్నీ అడిగి అడిగి చివరికి నా దగ్గరికి వచ్చింది.

యార్డులోనే ఒక చుట్టు తిప్పింది నన్ను. అబ్బో, ఏం చెయ్యి. దిగి, నా బానెట్టు మీద ఒకసారి తట్టి, "ఇదేనండి నాకు కావాల్సింది" అంది. అడ్వాన్సు ఇచ్చింది. మిగతాది బ్యాంకు లోను, అదీ సిద్ధంగా ఉంది. ఆ పూటే తీసుకుపోవాలనుకుంది కూడా.

అప్పుడు అడ్డం పడింది ఆమె తల్లి. "మూఢం నడుత్తుందే. ఇప్పుడు బండి తీత్తావా?" అంది. గురుడో శుక్రుడో సూర్యుడి చాటుకి పోతే, ఇక్కడ మనుషులు పెళ్ళిళ్ళూ కొనుగోళ్ళూ ఆపేస్తారు. కుసుమకి ఆ పట్టింపులేం లేవు. కానీ సూరిబాబు అందుకున్నాడు. "అమ్మగారు చెప్పింది నిజమేనండి. మూఢంలో ఎవరన్నా బండి తీత్తారేటండి? ఇక్కడే ఉంచండి. నెలాఖరు లోపే మూఢం ఎల్లిపోద్ది, ఎల్లగానే నేనే ఫోను చేత్తాను. ఈ బండి మీదే. ఇంకెవరికీ చూపించను కూడా." వాళ్ళు ఇంటికి వెళ్ళాక ఇదే మాట ఫోనులో రికార్డు చేసి మరీ పంపాడు. తల్లి మనసు నొప్పించడం ఎందుకని కుసుమ ఒప్పుకుంది. నాకు నోరుంటే అప్పుడే హారను కొట్టి చెప్పేదాన్ని, ఎక్కి కూర్చో తల్లీ, వెళ్ళిపోదాం అని.

మూఢం పోలేదు. ఆ మూఢంలోనే, అదే సూరిబాబు, నన్ను సామర్లకోట రైసు మిల్లు పెద్దిరాజుకి అమ్మేశాడు. ఆయన కాస్త ఎక్కువ ఇస్తానన్నాడు, అంతే. సిగ్గు లేదూ? గ్రహాలు కుసుమకి మాత్రమే అడ్డం వచ్చాయి, ఈయన బేరానికి రాలేదు.

"ఈ కడ్డీ ఏంటండి?" అన్నాడు పెద్దిరాజు. "ముసలాయన చాదస్తమండి, పీకించేత్తాను" అన్నాడు సూరిబాబు. పీకించాడు. ఆ కోతమిషను చప్పుడు నేను జన్మలో మర్చిపోను. మాస్టారి లివరుని పాత టైర్ల మీదకి విసిరేశారు.

ఈ సంగతి తెలిసి కుసుమ వచ్చేసరికి నేను ఇంకా గేటు దగ్గరే ఉన్నాను, మిల్లు డ్రైవరు తాళాలు తీసుకుంటున్నాడు. ఆమె నా లోపలికి తొంగిచూసింది. లివరు లేదు.

"మీ అడ్వాన్సు మీకిచ్చేత్తానండి, అక్కడితో సరి" అన్నాడు సూరిబాబు.

"ఎలా సరిపోతుందండి? నేను మీకు అప్పివ్వలేదు. బండి కొనుక్కున్నాను" అంది కుసుమ. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

నెలాఖరున ప్రమోషను వదులుకుంటున్నానని రాసిచ్చి, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. లాయరు లేడు, తనే మాట్లాడుకుంది. కమిషన్ వాళ్ళు నన్ను చూడాలన్నారు కాబట్టి నేనూ వెళ్ళాను. అధ్యక్షురాలు కిందికి దిగివచ్చి, లివరు కోసేసిన చోట బోల్టుల బెజ్జాలు వేలితో తడిమి చూశారు. సూరిబాబు రికార్డు చేసి పంపిన మాటలు అందరి ముందూ వినిపించారు.

"బండి ఖాయం చేసి, డబ్బు పుచ్చుకుని, ఇంకొకరికి అమ్మి, అడ్వాన్సు తిరిగిస్తే తీరిపోతుందని మీకెవరు చెప్పారు?" అన్నారు అధ్యక్షురాలు. అయితే పెద్దిరాజుకి ముందు బేరం సంగతి తెలియదు, తెలియక కొన్నవాడి దగ్గర బండి లాక్కోలేం అని కూడా అన్నారు. కాబట్టి సూరిబాబు తన ఖర్చుతో ఇలాంటి బండి వెతికి, లివరు బిగించి, ఆమెకి అప్పగించాలి. ఆమె పడిన బాధకి వేరే నష్టపరిహారం. కక్కాడు. కక్కుతుంటే చూడటం నాకు పండగలా ఉంది, అబద్ధమెందుకు.

కానీ తుని అవతలి కుర్చీలో అప్పటికే ఎవరో కూర్చున్నారు. ఆ కుర్చీని ఏ తీర్పూ ఖాళీ చేయించలేకపోయింది.

ఇప్పుడు నా పని తవుడు బస్తాలు మొయ్యడం. మొన్న సామర్లకోట రైల్వే గేటు పడితే, నా పక్కన ఒక నీలం కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది కుసుమ. నా నంబరు చూసి, అద్దం దించి, మా డ్రైవరుని పలకరించింది.

"బాగా నడుత్తుందా అండి ఈ బండి?"

"ఏదోనండి, పాతదైపోయింది" అన్నాడు వాడు.

"మంచి బండండి. ఒకప్పుడు నాదే" అంది.

వాడికి ఏమీ అర్థం కాలేదు, తల ఊపి ఫోను చూసుకున్నాడు. గేటు లేచింది. ఆమె లివరు వెనక్కి లాగి ముందుకు వెళ్ళిపోయింది, పాత ఆఫీసుకే, పాత కౌంటరుకే. వెనక లారీవాళ్ళు హారన్లు కొడుతున్నా నేను కదలలేదు. ఇంజను ఆగిపోయిందని మా డ్రైవరు తిట్టుకుంటూ తాళం తిప్పుతూనే ఉన్నాడు.