కొత్తవలస ఫోను

రిసీవరు చెవికి ఆనే వైపు తడిగుడ్డతో తుడిచి, నోటి వైపు రెండుసార్లు తుడిచి, మెలికలు పడ్డ తీగని గాలిలో వేలాడదీసి, ఆ చుట్లు వాటంతట అవే విప్పుకునేదాకా నరసింగరావు కదలకుండా నిలబడ్డాడు. కొట్టు తెరవగానే చేసే మొదటి పని అదే. లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగించడం ఆ తరవాతే. ఇవాళ మాత్రం బల్ల మీద రెండో ఫోను కూడా ఉంది. తెల్లగా, బరువు లేకుండా ఉంది. దాని తీగ గోడకి బిగించిన చిన్న పెట్టెలోకి వెళ్తోంది, ఆ పెట్టెలో ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి. దీన్ని తుడవాలా అక్కర్లేదా అని కాసేపు తటపటాయించి, కొత్తల్లుడికి మర్యాద చేసినట్టు పొడిగుడ్డతో పైపైన తుడిచాడు.

కొత్తవలస స్టేషను రోడ్డులో చంద్రమౌళి గారి దళారీ కొట్టు అది. ఏజెన్సీ కొండల నుంచి దిగే చింతపండు, పసుపు, నూనె తీసే వలిసెలు అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య మాట కుదర్చడం ఆ కొట్టు పని. ఆ మాట కుదిర్చేది నరసింగరావు. మీసం సరిగ్గా మొలవని వయసులో ఆ ఫోను పక్కన కూర్చున్నాడు. ఇప్పుడా మీసం పూర్తిగా తెల్లబడింది. సన్నటి మనిషి. చొక్కా ఎక్కడా చిరగదు గాని కుడి మోచేతి దగ్గర మాత్రం అరిగిపోతుంది. కుడిచెవి ఎడమచెవి కంటే కాస్త చప్పిడిగా ఉంటుంది. మెడ ఎప్పుడూ కుడివైపుకే వాలి ఉంటుంది. కూతురి పెళ్లి ఫొటోలో అక్షింతలు వేస్తూ కూడా ఎవరి ఫోనో వింటున్నట్టే నిలబడ్డాడు.

ఫోను వదిలి పక్క ఊరు వెళ్లినవాడు కాడు. బావమరిది గృహప్రవేశానికి భోజనాల వేళకి వెళ్లి, చేయి కడుక్కుని వచ్చేశాడు. "ఆ ఫోనుకే కట్టీవలసింది తాళి" అని భార్య గున్నమ్మ నలుగురిలోనూ అంటుంది. అతను నవ్వి ఊరుకుంటాడు. ఊరుకోవడంలో అతనంత నేర్పరి ఆ చుట్టుపక్కల లేడు.

ఎందుకంటే వాళ్ల బేరాలు నడిచేదే ఊరుకోవడం మీద. రేటు చెప్పాక అవతలివాడు నోరు విప్పాడంటే బేరం కుదరనట్టు. తగ్గించమనొచ్చు, తిట్టొచ్చు, మొన్నటి సరుకులో పిక్కలున్నాయని దెప్పొచ్చు. ఏమీ అనకుండా గుటక మింగేంత సేపు ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టు. అప్పుడు దళారీ "కాయం" అనాలి, ఫోను పెట్టెయ్యాలి. ధరకి నోరారా సరేనంటే లక్ష్మి చిన్నబుచ్చుకుంటుందని పాతవాళ్ల నమ్మకం. లోకంలో మౌనం అర్ధాంగీకారమైతే వీళ్లకది పూర్తి అంగీకారం, మీద సంతకం కూడా.

కాబట్టి నరసింగరావు అసలు విద్య మాట్లాడటం కాదు, అవతలి మౌనాన్ని వినడం. మౌనానికి పాత ఫోనులో ఒక చప్పుడుండేది. తీగ సన్నగా గీపెట్టేది, దాని వెనక మనిషి ఊపిరి, ఆ వెనక ఎక్కడో గిన్నెల మోత, వీధిలో అరటిపళ్ల కేక. ఊపిరి నిదానంగా ఉంటే కుదిరింది. ముక్కుతో గట్టిగా వదిలితే ఇంకా లెక్క వేసుకుంటున్నాడు, తొందరపడకూడదు.

ఆ తీగలకే ఇప్పుడు కాలం తీరింది. వీధిలో రాగితీగ తీసేస్తున్నామనీ, కావాలంటే అదే నంబరు ఇంటర్నెట్టు మీద నడిచేలా మారుస్తామనీ, వద్దంటే వదులుకోమనీ టెలిఫోను ఆఫీసు వాళ్లు చెప్పారు. చంద్రమౌళి గారు మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలడం లేదు. కొట్టు చూసుకుంటున్నది ఆయన కూతురు సింధూరి. మంచి పిల్ల. మంచి పిల్ల గనకే నిన్న మనసులో మాట దాచుకోలేదు.

"నాకైతే సెల్లు చాలు బాబాయ్. ఫోను మాట్లాడేది నువ్వు. రెండూ పెట్టించాను, రేపంతా కొత్తదాంట్లో మాట్లాడి చూడు. బాగుందంటే ఉంచుదాం, లేదంటే నంబరు వదిలేద్దాం. నువ్వు గోడౌను చూసుకుందువు గాని. రేపు సాయంత్రంలోగా వాళ్లకి చెప్పాలి."

గోడౌను అంటే తప్పేమీ లేదు. జీతం అదే. కాని గోడౌన్లో బస్తాలుంటాయి గాని మనుషుల గొంతులుండవు. రాత్రి నరసింగరావుకి అన్నం సయించలేదు. కొత్త ఫోను బాగుండాలి, బాగుండి తీరాలి అని మొక్కుకోవడం ఒక్కటే తక్కువ.

మొక్కు అక్కర్లేకుండానే ఫోను బాగుంది. అరకు నుంచి ఉపేంద్ర పసుపు గురించి మాట్లాడితే నూతిలోంచి కాకుండా పక్క కుర్చీలోంచి మాట్లాడినట్టుంది. వాన పడితే వచ్చే గరగర లేదు. కరెంటు పోతే ఇదీ పోతుందేమోనని అడిగితే బ్యాటరీ పెడతామన్నారు. ఇంకేం కావాలి.

"ఎలా ఉంది బాబాయ్?"

"పక్కన కూకుని మాటాడినట్టున్నాదమ్మా" అన్నాడు నరసింగరావు. గొంతులో సంతోషం దాగలేదు.

తరవాత చీపురుపల్లి గణపతిరావుకి ఫోను చేశాడు. గణపతిరావు చింతపండు టోకు వ్యాపారి. చుట్టరికం ఏమీ లేదు, మాటల మీద బావలైపోయారు. ముప్పయ్యేళ్లుగా ఒకరి ఇంట్లో పెళ్లిళ్లూ చావులూ ఒకరికి తెలుసు, ఒకరి మొహం ఒకరికి తెలీదు. ఇతను ఫోను వదిలి వెళ్లడు, అతను ఇంట్లోనే పెట్టుకున్న కొట్టు వదిలి రాడు. దగ్గర దగ్గర ఊళ్లే, ఎప్పుడైనా చూసుకోవచ్చులే అనుకున్నారు.

"బావా, నానే."

"సెప్పు బావా. ఏటి, గొంతు మారింది?"

"ఫోను మారింది."

"అలగా. నీకు వయసు తగ్గిపోయింది. నానూ ఎయ్యించుకుంతాను అలగైతే." గణపతిరావు నవ్వాడు. నవ్వు చివర చిన్న దగ్గు వచ్చింది. "ఎండలు సంపేస్తన్నాయి బావా. పొద్దుట్నుంచి ఒకటే సెమట. సర్లే, సరుకెలాగున్నాది?"

"పిక్క తీసిన సరుకు. ఎర్రగా ఉన్నాది, గుజ్జు బాగున్నాది. బాలింతకి పెట్టొచ్చు." నరసింగరావు రేటు చెప్పాడు.

అవతల ఏమీ వినబడలేదు.

నిజంగానే ఏమీ వినబడలేదు. ఊపిరి లేదు, గిన్నెల మోత లేదు, వీధి లేదు. నరసింగరావు అలవాటుగా మెడ ఇంకొంచెం వాల్చాడు. ఒక్క క్షణం మనసు పీకింది. బావా అని ఒకసారి పిలిస్తే పోయేది. కాని రేటు చెప్పాక పలకరిస్తే దళారీకి తన ధర మీద తనకే నమ్మకం లేనట్టు, అది వాళ్లలో మర్యాద కాదు. పైగా వైరు వేసినవాడు నిన్ననే చెప్పాడు, ఇది మనిషి మాట తప్ప మిగతా చప్పుళ్లన్నీ వడగట్టేస్తుందని. ఫోను బాగుండాలని కోరుకునేవాడికి దాని తప్పులు కూడా ఒప్పుల్లాగే కనిపిస్తాయి. గుటక మింగేంత సేపు ఆగాడు. ఇంకో గుటక కూడా ఆగాడు.

"కాయం బావా" అని పెట్టేశాడు.

బస్తాలు ఎక్కించి డ్రైవరు ధర్మేంద్ర వ్యాను తీసుకుని చీపురుపల్లి బయల్దేరాడు. నరసింగరావు చోడి అంబలి తాగి, ఉల్లిపాయ కొరికి, మూతి తుడుచుకుని సింధూరి దగ్గరికి వెళ్లాడు. "ఉంచమ్మా. బాగున్నాది" అన్నాడు. సింధూరి అప్పటికప్పుడే ఆఫీసుకి చెప్పేసింది. ఎండ పూట ఒకతను వచ్చి పాత తీగ కత్తిరించి, చుట్ట చుట్టి సంచిలో వేసుకుపోయాడు. పాత ఫోను బల్ల మీదే ఉండిపోయింది. నరసింగరావు బాధపడదామనుకున్నాడు గాని అంత బాధ రాలేదు. తన కుర్చీ తనకి మిగిలింది కదా.

కాసేపటికి కొత్త ఫోను మోగింది. ధర్మేంద్ర.

"నరసింగరావు మావా, ఇక్కడ టెంటేసినారు. పెద్దాయన పోయారంట."

"ఎవలు?"

"గణపతిరావు గారే. పొద్దున్న ఫోను మాటాడతా మాటాడతా పోయారంట. గుండంట. మరి సరుకు... ఆళ్లు దించీమంటన్నారు. దించీమంటావా, ఎనక్కి తెచ్చీమంటావా?"

ధర్మేంద్ర గొంతు చాలా స్పష్టంగా వినబడింది. నరసింగరావు రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. జవాబు కోసం అవతల ధర్మేంద్ర ఆగాడు, కొత్త ఫోనులో మళ్లీ ఆ శూన్యం. "ఉన్నావేటి రా?" అని అరిచాడు నరసింగరావు. అతను కొట్టులో గొంతెత్తడం సింధూరి ఎప్పుడూ వినలేదు. గబగబా లేచి వచ్చింది.

చీపురుపల్లి వెళ్తానన్నాడు. వ్యానెందుకు పంపావని గాని, ఇప్పుడెందుకని గాని ఆమె అడగలేదు. స్టేషను దాకా స్కూటీ మీద దింపింది. పలాస పాసింజరు ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ ఫోను వద్దంటే చెప్పు బాబాయ్, తీయించేద్దాం" అంది.

"ఫోనుదేటమ్మా తప్పు?" అన్నాడు.

రైలంతా అదే ఆలోచన. పాత ఫోనైతే తెలిసేదా? రిసీవరు జారిన చప్పుడు వినబడేదా, ఊపిరి అందని చప్పుడు వినబడేదా? వినబడితే మాత్రం కొత్తవలస నుంచి ఏం చేస్తాడు? ఇంకో ఫోను చేసి ఎవర్నన్నా లేపేవాడు. లేపినా దక్కేవాడో లేదో. అన్నీ తెలుసు. తెలిసి కూడా ఒక్కటే మాట వెంటాడింది. ప్రాణం పోతున్న మనిషికి కాయం అని చెప్పి పెట్టేశాడు. చచ్చిపోతున్న బావతో బేరం కుదుర్చుకున్నాడు.

చీపురుపల్లిలో ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధి అరుగు మీద తమ కొట్టు బస్తాలే వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన టెంటు, టెంటు కింద ఐసు పెట్టె. పెద్దకూతురు రాయగడ నుంచి రావాలట, అందుకని ఉంచారు. నరసింగరావు చెప్పులు విప్పి దగ్గరికి వెళ్లాడు. ముప్పయ్యేళ్లుగా గణపతిరావు తన మనసులో లావుపాటి మనిషి, బుర్రమీసాలు, బానపొట్ట. పెట్టెలో ఉన్నది బక్కపల్చటి పొట్టి మనిషి, మీసమే లేదు. వేరే ఎవరి ఇంటికో వచ్చానేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు.

"ఎవలు బాబూ?" అంది తలాపున కూర్చున్న ఆడమనిషి. గణపతిరావు భార్య చిన్నతల్లి.

"నాను... కొత్తవలసమ్మా."

చిన్నతల్లి తలెత్తి చూసింది. "ఫోనా?"

"అవునమ్మా. ఫోను."

ఆమెకి అప్పుడు మళ్లీ ఏడుపొచ్చింది. పొద్దుట్నుంచి ఏడిచినదానికీ దీనికీ తేడా ఉందని చుట్టూ ఉన్నవాళ్లు కూడా గ్రహించి పక్కకి తప్పుకున్నారు. నరసింగరావు కింద చతికిలబడ్డాడు. అడక్కుండానే చెప్పేశాడు.

"నాను రేటు సెప్పినాను సెల్లీ. బావ పలకలేదు. ఒప్పుకున్నాడనుకుని కాయం అనీసినాను. ఓపాలి పిలిస్తే పోయీది. పిలవలేదు."

చిన్నతల్లి పైటకొంగుతో మొహం ఒత్తుకుంది.

"నానూ పలకరించలేదన్నా" అంది. "ఇదిగో, ఈ గుమ్మం ఇవతలే బియ్యం సెరుగుతున్నాను. మాట ఆగిపోయింది. బేరంలో ఉన్నాడు, కదపకూడదనుకున్నాను. ముప్పయ్యేళ్లు అదే కదా అలవాటు. సెరగడం అయిపోయి సూద్దును కదా, గోడకి ఆనుకుని అలగే ఉన్నాడు. ఫోను ఒళ్లోనే ఉన్నాది."

ఇద్దరూ ఒకే మౌనాన్ని ఒకేలా విన్నారు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నరసింగరావుకి గుండెల్లో బరువు తగ్గలేదు గాని, మోసేవాళ్లు ఇంకొకరు దొరికారు.

"సరుకు ఎనక్కి పంపీండమ్మా" అన్నాడు.

"ఎందుకు పంపుతాం? ఆయన కాదనలేదు. నువ్వు కాయం అన్నావు. చిన్నల్లుడు వద్దన్నాడు గాని నానే దించమన్నాను. ఆయన ఆకరి మాట అదే కదన్నా." ఆకరి మాట అని ఆమె అన్నది గణపతిరావు అనని మాటనే.

నరసింగరావు పెట్టె వైపు చూస్తూ, "ఇకమీదట ఎవుళ్లనైనా నోటితో సెప్పమంతాను. లచ్చిమికి కోపమొస్తే రానీ" అన్నాడు. అది చిన్నతల్లికి చెప్పాడో, బావకి చెప్పాడో అతనికే తెలీదు. కొట్టుకి తిరిగి వెళ్లాలనీ, ఆ కుర్చీలోనే కూర్చోవాలనీ, మనుషుల్ని పేరు పెట్టి పిలిచి, ఉన్నారా అని అడిగి, ఔననిపించుకుని గాని పెట్టకూడదనీ అప్పుడే నిశ్చయం చేసుకున్నాడు.

చీకటి పడేలోగా రైలుకి లేచాడు. చిన్నతల్లి గుమ్మం లోపలికి చెయ్యి చూపించింది. "ఆయన కూకునీ సోటు సూసెల్లు."

లోపలి గోడవార ఒక పీట, గూట్లో ఫోను. రిసీవరు ఎవరో తీసి సరిగ్గా పెట్టారు. పైన ఫ్యాను ఆపి ఉంది. అంత ఉక్కలోనూ ఎవరూ దాన్ని వెయ్యలేదు.

"నీ ఫోనొస్తే ఫేను కట్టీమనీవోడు" అంది చిన్నతల్లి వెనక నుంచి. "బావ ఊపిరి కూడా వినబడాల, లేపోతే రేటు నిజమో కాదో తెల్దు అనీవోడు. ఎండాకాలమైనా అంతే. సెమటలు కక్కుకుంతా వినీవోడు."

నరసింగరావు పీట దగ్గర వంగాడు. పీట మీద ఒక తాటాకు విసనకర్ర ఉంది, విసిరేటప్పుడు చప్పుడు కాకుండా దాని అంచు చుట్టూ పాత పంచె గుడ్డ మడిచి, దగ్గర దగ్గర కుట్లతో కుట్టి ఉంది.