అచ్చులు, తీగ, త్రాసు, ఇంటావిడ

సబ్బు కోసే తీగ వేలిలోకి దిగినా ఈమధ్య నాకు తెలియడం లేదు. సబ్బుకు రక్తం అంటితేనే తెలుస్తుంది. ఆ ముక్క పక్కన పెట్టి తర్వాతిది కోస్తాను. పదేళ్లుగా సబ్బు కోసం కాస్టిక్ సోడా కలిపిన చేతులు. స్పర్శ ఎప్పుడు పోయిందో గుర్తు లేదు, పోయిందన్న బాధా లేదు.

ఆ రోజు కోత మధ్యలో మా ఆయన కేకేశారు. "టీ పట్రా. ట్రైనింగ్ మేడమ్ వచ్చారు."

పల్లెల్లో చిన్న వ్యాపారాలకు ప్లాన్ వేయడం నేర్పే అమ్మాయి. వసారా గోడకు తొమ్మిది గళ్ల చార్టు అంటించింది. తను చెబుతుంటే ఆయన పసుపు చీటీల మీద రాసి ఒక్కో గడిలో అతికిస్తున్నారు. ఎవరు కొంటారు, ఎలా చేరవేస్తాం, వచ్చే ఏడాది ఎంత చేస్తాం. వారానికి రెండొందల సబ్బులు నాలుగొందలవుతాయట. అత్తయ్య మురిసిపోయారు. ఆ పై రెండొందలు ఎవరు కోస్తారని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలనిపించలేదు. 'మన దగ్గరున్నవి' అనే గడిలో నాలుగు చీటీలు. అచ్చులు. తీగ. త్రాసు. ఇంటావిడ. సోడా కలిపే డ్రమ్ము రాయడం మర్చిపోయారు, నన్ను మర్చిపోలేదు. సంతోషించాలి కాబోలు.

"వీటిలో ఏది మూలపడితే పని ఆగిపోతుంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

"త్రాసేనండీ. ముల్లు నిలవట్లేదు, కొత్తది కొనాలి."

"మరి ఈవిడ?"

"తనకేమవుతుందండీ, గుండ్రాయిలా ఉంటుంది. పదేళ్లలో ఒక్కరోజూ మంచమెక్కలేదు."

ఎక్కాను. కడుపు పోయినప్పుడు, రెండు రోజులు. "కూర్చుని కలపొచ్చులేమ్మా" అంటూ అత్తయ్య సోడా బకెట్టు మంచం పక్కకే తెచ్చిపెట్టారు. పని ఆగలేదు కనుక ఆయనకు గుర్తుండి ఉండదు.

"మీరేమంటారక్కా?" అంది ఆ అమ్మాయి నా వైపు తిరిగి.

"చక్కెర సరిపోయిందా?" అన్నాను.

ఆయన ఆ అమ్మాయిని బస్సెక్కించడానికి వెళ్లాక నా చీటీ పీకాను. వేళ్లకు కాగితం తగల్లేదు. ఊడి రావడం కళ్లతోనే చూశాను. మడిచి రవికలో దోపుకున్నాను.

మర్నాడు ఎప్పటిలాగే ఐదింటికి మెలకువ వచ్చింది. లేవలేదు. ఎండ మంచం మీదికి వచ్చింది.

"ఏమే, ఇంకా సోడా కలపలేదేం? ఒంట్లో బాలేదా?" అత్తయ్య.

"బాగానే ఉందత్తయ్యా."

వసారాలో ఆయన చార్టు ముందు నిలబడ్డట్టున్నారు. "ఈ గడిలో నాలుగుండాలే అమ్మా. ఒకటి ఎక్కడో రాలిపోయింది. ఏం రాశానో గుర్తు రావట్లేదు" అంటున్నారు.

దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆయనకు గుర్తొచ్చేదాకా లేవను.