ఊరికే వచ్చిన ఇసుక

పని మొదలుపెట్టేనాటికి సున్మోలా చేతిలో ఉన్నవి ఇవి: తాంబూలంలా నమిలే కోలా కాయల వ్యాపారంలో పన్నెండేళ్ళు కూడబెట్టిన నూట డెబ్బై పౌన్లు, లేగోస్ పాతపట్నం ఇసాలె ఎకోలో నాన్న కట్టిన మట్టి ఇంట్లో ఒక గది, పట్నం కమిటీవాళ్ళు ఆ ఇంటి గోడకి అంటించి వెళ్ళిన ఒక తాఖీదు. ఆ మూడింటిలో అతను ఎక్కువ విలువ కట్టింది తాఖీదుకే.

ముందు గోడ వీధిలోకి ఒరిగిందనీ, తాటాకు కప్పు నిప్పుకి చుట్టమనీ, ఎండలు ముదిరేలోగా ఇల్లు విప్పేసి, కమిటీ ఒప్పుకున్న ప్లాను ప్రకారం రేకుల కప్పుతో, గదికి రెండేసి కిటికీలతో, వీధి కాలువకి అడుగు వెనక్కి జరిపి కట్టుకోవాలనీ అందులో ఉంది. కట్టుకోకపోతే కమిటీయే వచ్చి పడగొడుతుందట. ఇంట్లో వాళ్ళంతా తల పట్టుకున్నారు. సున్మోలా మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని మీసం కింద నవ్వుకున్నాడు. సరుకు కొనేవాడు ముందు చూడాల్సింది సరుకుని కాదు, అమ్మేవాడి భయాన్ని అని అతని నమ్మకం.

ఆ ఇల్లు ఎవరిదీ కాదు, అందరిదీ. నాన్న పోయాక ఆయన ముగ్గురు భార్యల పిల్లలూ, పిల్లల పిల్లలూ గదికింతమంది చొప్పున సర్దుకున్నారు. పెద్దరికం మేనత్త అబెకేది. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ లేదు. పెద్దన్న లావనీకి పడవ నడుపుకునే పని. వచ్చింది వచ్చినట్టు గొంతులో పోసుకునేవాడు. కాబట్టి ఇంటి ఖర్చంతా తనొక్కడే పెడితే కొత్త ఇల్లు తనొక్కడిదే అవుతుందని సున్మోలా లెక్క వేశాడు.

అతనికి కావలసింది అదే. పుట్టిన దగ్గర్నుంచీ ఇంకొకరి చాప లేని గదిలో అతను పడుకున్నది లేదు. గోల్డ్ కోస్టు నుంచి ఓడలో దిగిన కోలా బుట్టలు గుమ్మం దాటేసరికే ఎవరి చుట్టాల కోసం వాళ్ళు గుప్పెడు తీసేవాళ్ళు. అడిగితే, కాయ చుట్టానికి పెట్టకపోతే దేనికి అనేవాళ్ళు. పైన ఒక మేడ, దానికొక తాళం, ఆ తాళంచెవి తన నడుముకి, తన తర్వాత తన ఇద్దరు కొడుకులకి: ఇంతే అతని కోరిక.

భార్య రాలియాతు తాటినూనె అమ్ముతుంది. ఆమె లెక్క వేరు.

"నీళ్ళకి అవతల ఎబుటె మెట్టాలో స్థలాలు అమ్ముతున్నారు. చిన్నదైనా మన పేరున ఉంటుంది, కొనండి."

"ఇరవై అయిదు పౌన్లు పోసి దోమల్ని కొనమంటావా? ఇక్కడ స్థలం ఊరికే వస్తుంటే."

"ఊరికే ఇచ్చేది ఎవరో అడిగారా మరి?"

ఆ ప్రశ్న అతనికి బేరంలో వినిపించే ఆడవాళ్ళ గొణుగుడులా తోచింది. వదిలేశాడు.

మేడ కట్టడానికి ఫిర్మీను మేస్త్రీని పిలిచాడు. ఆయన తండ్రి బ్రెజిల్లో బానిసగా తాపీపని నేర్చుకుని, విడుదలయ్యాక పుట్టిన గడ్డకి తిరిగి వచ్చినవాడు. పట్నంలో గుండ్రటి కమానుల కిటికీలు, వాటి చుట్టూ సున్నపు పువ్వులు ఎక్కడ కనిపించినా అవి ఆ తండ్రివో ఈ కొడుకువో అయి ఉంటాయి. ఫిర్మీను కింద గదుల వరస ఎప్పటిలాగే ఉంచి, పైన నాలుగు గదులు, ఒక హాలు, వీధి మీదికి ఒక వసారా గీశాడు. మెట్లు మాత్రం ముందు గదిలోంచి పెడితే చౌక. కాని సున్మోలా నాన్నని పాతిపెట్టింది ఆ ముందు గది నేలలోనే.

"మీ నాన్న నెత్తి మీద మెట్లు కట్టమంటే కడతాను," అన్నాడు ఫిర్మీను. "కల్లోకి వచ్చి ఎవడు కట్టాడని అడిగితే మాత్రం నా పేరు చెప్పకు."

మెట్లు పెరటి పక్కకి జరిగాయి. నాలుగు పౌన్లు ఎక్కువయ్యాయి. కమిటీ ఆఫీసులో గుమాస్తా ప్లాను మీద యజమాని పేరు ఏం రాయమంటావని అడిగితే సున్మోలా తన పేరు చెప్పి, జీవితంలో మొదటిసారి బేరమాడకుండా రుసుము కట్టి వచ్చాడు.

అత్తతో అతను చెప్పింది ఒక్క మాటే. ఖర్చు సంగతి మీరెవరూ పట్టించుకోవద్దు, అంతా నాది అన్నాడు. మేడ సంగతి ఎత్తలేదు. కొనేవాడు బుట్ట నెత్తికెత్తుకునే దాకా ధర చెప్పకూడదన్నది అతని పద్ధతి. అబెకే అతని తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు దీవించింది. ఆమె కూడా మేడ సంగతి అడగలేదు. ముసలిది అమాయకురాలనుకున్నాడు.

గోడలు లేచే కాలానికి రేవులో కొత్త కట్టడాలు, రైలు దారి పనులు జోరుగా సాగుతున్నాయి. కూలీలు దొరకడం లేదు. దొరికినవాళ్ళు రోజుకి తొమ్మిది పెన్నీలు అడుగుతున్నారు. ఒక పొద్దున ఇసుక పడవ ఒడ్డుకి వచ్చింది. సున్మోలా ఎండలో నిలబడి ఏడు పెన్నీలకి బేరమాడుతుండగా వీధి చివర డప్పు వినిపించింది. ముందు డప్పువాడు, వెనక అబెకే, ఆమె వెనక ముప్పై మంది చుట్టాలు, నెత్తిన బేసిన్లు, సొరకాయ బుర్రలు, పాత వలలతో చేసిన గంపలు. అబెకే నేరుగా పడవ దగ్గరికి నడిచి, బేసిను నింపించుకుని నెత్తికెత్తుకుంది. కూలీలు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

సున్మోలా గుండెలో పెన్నీలు గలగలలాడాయి. ఒక్క పూటలో పౌను పైన మిగిలింది. వాళ్ళకి అలసందల అకర వడలు, మొక్కజొన్న ఎకో ముద్దలు పెట్టించాడు. అది కూడా కూలి కంటే తక్కువలోనే అయింది.

రాలియాతు అతన్ని పక్కకి పిలిచింది.

"తలా మూడు పెన్నీలు చేతిలో పెట్టి పంపండి."

"చుట్టాలకి కూలి ఇస్తే చిన్నబుచ్చుకుంటారే."

"చిన్నబుచ్చుకోనివ్వండి. డబ్బు తీసుకున్న చెయ్యి మళ్ళీ చాచడానికి జంకుతుంది."

అతను ఇవ్వలేదు. చుట్టాలు నీళ్ళు మోయడానికీ, ఇటికలు అందించడానికీ మళ్ళీ మళ్ళీ వచ్చారు. అడుసు తొక్కే రోజున డెబ్బై దాటిన అబెకే నడుముకి చుట్టుకున్న బట్ట మోకాళ్ళ పైకి దోపుకుని, ఇద్దరు మనవరాళ్ళ భుజాలు పట్టుకుని పాట ఎత్తుకుంది. ఫిర్మీను తాపీ పక్కన పెట్టి ఆ పాట విన్నాడు. సున్మోలా మాత్రం మిగిలిన కూలి డబ్బుతో కిటికీలకి రంగు అద్దాలు ఎన్ని వస్తాయో లెక్క చూసుకున్నాడు.

ఇల్లు పూర్తయింది. పసుపు గోడలు, తెల్ల పువ్వులు, ఆకుపచ్చ తలుపులు. పక్క వీధుల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. కమిటీ మనిషి వచ్చి కొలతలు చూసి తల ఊపాడు. మెట్ల అడుగున తలుపుకి సున్మోలా ఇత్తడి తాళం వేసుకున్నాడు. గృహప్రవేశానికి పొట్టేలుని కోసి వీధి వీధంతా పిలిచాడు.

భోజనాలకి ముందు అబెకే లేచి, అతని సరుకులోంచే మంచి కోలా కాయ ఒకటి తీసుకుని, విరిచి, ముక్కలు పెద్దలకి పంచి, ప్రార్థన చేసింది. ఆ తర్వాత పంపకం మొదలుపెట్టింది. మేడ మీద తూర్పు గది లావనీకి, దాని పక్కది తన చెల్లెలి కొడుకు సంసారానికి, వసారా వైపు గది ఎపె ఊరి నుంచి వచ్చే చుట్టాలకి, ఖర్చు పెట్టాడు కాబట్టి అందరికంటే పెద్ద గది సున్మోలాకి. చెప్పడం అయ్యాక తాళంచెవి కోసం చెయ్యి చాచింది.

"అత్తా, పైనంతా నాది," అన్నాడు సున్మోలా.

"అవును నాయనా. నీది కాకపోతే మాది ఎలా అవుతుంది?"

అందరూ నవ్వారు. అతను చమత్కారమాడాడనే అనుకున్నారు. కాదని తెలిశాక పొట్టేలు మాంసం చల్లారిపోయింది.

తగువు, పేటలో ఇళ్ళూ స్థలాల పంచాయితీలు తీర్చే తెల్లటోపీ పెద్దాయన దగ్గరికి చేరింది. సున్మోలా అక్కడికి వెళ్ళే ముందు ఒక బారిస్టరుకి గినీ ఫీజు సమర్పించి, తెల్లవాళ్ళ కోర్టులో ఏమవుతుందని అడిగాడు. ఉమ్మడి ఇంటి తగువుల్లో మీ ఆచారం ఏమిటని జడ్జీ ఆ తెల్లటోపీ పెద్దనే పిలిచి అడుగుతాడని బారిస్టరు చెప్పి గినీ జేబులో వేసుకున్నాడు.

పెద్దాయన ముందు సున్మోలా బాగా మాట్లాడాడు. రేకులకి ఇంత, ఇటికకి ఇంత, మేస్త్రీకి ఇంత, అన్నీ నోటికి చెప్పాడు. కమిటీ ముద్ర ఉన్న ప్లాను విప్పి చూపించాడు. పెద్దాయన ప్లానుని అటూ ఇటూ తిప్పి చూసి, పువ్వులు బాగా వేశాడన్నాడు. అప్పుడు అబెకే లేచింది.

"ఒరేయ్ సున్మోలా, స్థలం ఎవరిది?"

"నాన్నది."

"ఇసుక మోసిన రోజు నీ దగ్గర కూలీలకివ్వడానికి డబ్బుందా?"

"ఉంది."

"మరి మేము మోస్తుంటే ఎందుకు ఊరుకున్నావు?"

జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. వెనక నుంచి ఎవరో తొమ్మిది పెన్నీలు అన్నారు.

"పరాయివాడి గోడకి ఈ వయసులో నేను అడుసు తొక్కుతానా?" అంది అబెకే. "తొక్కితే నా కూలేది? కూలి ఇవ్వలేదంటే అది నా ఇల్లే కదా. నా ఇంటికి నేను తొక్కుకున్నాను."

సున్మోలా అప్పుడు తన జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేశాడు. నడుము సంచీ విప్పి, ఎంతయిందో చెప్పు అత్తా, ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు.

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మేనత్తకి కూలి ఇస్తానన్న మగాణ్ణి ఈ పట్నంలో మొదటిసారి చూస్తున్నాను. సంచీ మూసుకో నాయనా. ఎవరైనా చూస్తే మీ నాన్నకి పరువు తక్కువ."

తీర్పు చిన్నదే. పాత ఇల్లు ఉమ్మడిదైతే బాగుచేసిన ఇల్లూ ఉమ్మడిదే. డబ్బు పెట్టినవాణ్ణి అందరూ గౌరవించాలి. మేడ మీద ఒకటి కాదు, రెండు గదులు అతను వాడుకోవచ్చు, వాడుకోవడానికే తప్ప అమ్మడానికి కాదు. ఈ ఇంట్లో మేకు మేకూ అతనికే తెలుసు కాబట్టి ఇకముందు మరమ్మతులు చూసుకునే మర్యాద అతనిది. తాళంచెవి అబెకే నడుముకి చేరింది. ఆమె దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. ఆ తలుపు మళ్ళీ మూసిందే లేదు.

కొన్నాళ్ళకి కమిటీ కొత్త నీళ్ళ పన్ను వేసింది. చీటీ సున్మోలా పేరున వచ్చింది. ఇది ఉమ్మడి ఇల్లు కదా, తలా కొంచెం వేసుకుందామని అతను అడిగితే, చీటీ మీద ఎవరి పేరుంటే వాళ్ళదే బాధ్యత, దొరల కాగితాన్ని కాదంటే బాగుండదని ఇల్లంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆ ఇంట్లో అంత ఏకాభిప్రాయం అంతకు ముందెప్పుడూ లేదు.

ఎబుటె మెట్టాలో స్థలం ఇప్పుడెంతని రాలియాతు విచారించి వచ్చింది. అరవై పౌన్లట. ఆ అంకె చెప్పి, ఇంకేమీ అనకుండా నూనె కుండలు సర్దుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండునని సున్మోలాకి అనిపించింది.

సాయంత్రాలు అబెకే వసారాలో చాప వేసుకుని కూర్చునేది. పుట్టిన దగ్గర్నుంచీ వీధిని పైనుంచి చూడలేదట. కిందుగా ఎవరు వెళ్ళినా కేకేసి, మా అన్న కొడుకు మా ఇల్లు బాగుచేశాడు చూశారా అని చెప్పేది. వాళ్ళు తలెత్తి, సున్మోలా పేరు పెట్టి పొగిడేవాళ్ళు. ఓడ మీద కోలా తెచ్చి అమ్మే ఉత్తరాది హౌసా బేరగాళ్ళు కూడా మేడ ఉన్న మనిషి అని అతనికి రెండు వారాల అరువు ఎక్కువ ఇచ్చారు. అది మాత్రం అతను లెక్కలో వేసుకున్నాడు.

వానలు మొదలయ్యాక మొదటి చినుకు లావనీ చాప మీద పడింది. లావనీ పడుకునే పిలిచాడు.

"తమ్ముడూ, నీ రేకు కారుతోంది."

సున్మోలా నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. తడిసిన కప్పు మీద కూర్చుని, నోట్లో మేకులు పెట్టుకుని, ఆఖరి లెక్క చూసుకున్నాడు. పోయింది నూట డెబ్బై పౌన్లు, ఒక గినీ. వచ్చింది రెండు గదులు, రెండు వారాల అరువు, వీధిలో ఒక మంచి పేరు, ఏటేటా నీళ్ళ పన్ను, బతికున్నన్నాళ్ళూ ఈ కప్పు ఎక్కే హక్కు. ఆ చివరిదాంట్లో మాత్రం ఎవరూ వాటా అడగలేదు.