హైమవతి ఆగిన పేజీ

నేను ఒక శుభలేఖ ముక్కను. పూర్తి శుభలేఖను కాను, నిలువునా కత్తిరిస్తే వచ్చిన రెండు వేళ్ళ వెడల్పు అట్టను. నా మీద బంగారు రంగులో 'చి.ల.సౌ.' అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. ఆ అమ్మాయి పేరు కత్తెరకు అవతలి వైపు పడింది. ఆవిడ ఎవరో, ఇప్పుడు ఎక్కడ కాపురం చేసుకుంటోందో నాకు తెలియదు. ఒక మూల కాస్త పసుపు అంటి ఉంది. శుభకార్యం కోసం పుట్టినదాన్నని చెప్పుకోవడానికి నాకున్న ఆధారం అదొక్కటే.

బెజవాడలో ఒక ప్రెస్సులో అచ్చయ్యాను. మమ్మల్ని పుట్టించేటప్పుడు పెళ్ళివారు చేసే హడావుడి చూసి తీరాలి. వినాయకుడి బొమ్మ పైన ఉండాలా పక్కన ఉండాలా అని రెండు వైపులవాళ్ళూ ఓ పూటంతా వాదించుకున్నారు. తన పేరు చిన్న అక్షరాల్లో వేశారని మేనమామ అలిగి కాఫీ కూడా తాగలేదు. ఇంత రాద్ధాంతం చేసి అచ్చు వేయించిన కాగితంలో జనం ఏం చూస్తారయ్యా అంటే, ముహూర్తం ఎన్నింటికి, భోజనాలు ఎక్కడ. ఆ రెండూ చూసి ఫ్రిజ్ మీద పడేస్తారు. ఏలూరులో హైమవతి ఇంట్లో నేనూ అలాగే ఫ్రిజ్ మీద పడ్డాను. మొగుడూ పెళ్ళాలు పెళ్ళికి వెళ్ళొచ్చారు, గుత్తివంకాయ బాగుందనుకున్నారు. మామూలుగా అయితే అక్కడితో నా బతుకు తెల్లారిపోవాలి.

కానీ పుస్తకంలో పేజీ మూల మడిచేవాళ్ళంటే హైమవతికి ఒళ్ళుమంట. అందుకని కత్తెర తీసుకుని నన్ను కోసి, చదువుతున్న నవలలో పెట్టుకుంది. మిగతా శుభలేఖ చెత్తబుట్టలోకి పోయింది. నేను సాహిత్యంలోకి వచ్చాను.

హైమవతి ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎక్స్‌రేలు తీస్తుంది. వయసు యాభై దాటింది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దొరికే సందులో చదువుతుంది. బయట ఎవరో చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చారంటే చాలు, నేను టక్కున పేజీల మధ్య పడతాను. కాబట్టి నాది విచిత్రమైన చదువు. ఏ పుస్తకమూ నేను పూర్తిగా ఎరగను. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడి కుడి పేజీ, ఎడమ పేజీ, ఆ రెండే నాకు తెలుసు. పుస్తకావిష్కరణ సభల్లో మాట్లాడేవాళ్ళలో కొందరి సంగతీ ఇంతేనని తర్వాత తెలిసి కాస్త ఊరట చెందాను.

ఆవిడ చదివేవన్నీ ఈమధ్య కొత్తగా వస్తున్న మాయల నవలలూ, దెయ్యాల నవలలూ. ఏదో కాలక్షేపానికి చదివే మనిషే తప్ప విమర్శకురాలేమీ కాదు. అభిప్రాయాలకు మాత్రం కొదవలేదు. రిసెప్షన్‌లో కూర్చునే వాహిదాకి, మధ్యాహ్నం క్యారేజీ మూత తీసిన దగ్గర్నించీ అన్నంతో పాటు అవి కూడా వడ్డిస్తుంది.

"ఇప్పుడొచ్చే రాజుల కథలన్నిట్లోనూ ముందు మ్యాపు వేస్తన్నారు వాహిదా. నేను కథ చదువుదామని కొన్నానా, పొలం కొందామని వెళ్ళేనా? ఆ పేర్లేంటి, పలికేసరికి అన్నం చల్లారిపోద్ది. తరాల తరబడి కొట్టుకు చస్తారు గానీ, ఒక్కడంటే ఒక్కడు కూర్చుని పెరుగన్నం తిన్న పాపాన పోడు."

"పోనీ దెయ్యాలయి బావుంటాయి కదా మేడమ్?" అంటుంది వాహిదా, ఆవకాయ వేసుకుంటూ.

"ఏం బావుంటాయి, నా మొహం! పుర్రె కనబడింది, పక్కటెముకలు కనబడ్డాయి అంటా పేజీలకి పేజీలు రాస్తాడు. పొద్దున్నించీ నేను చూసేవి అయ్యే కదా. ఊపిరి బిగబట్టండి అంటే బిగబడతాయి కూడాను. పైగా ఇప్పుడు ఇంకో తద్దినం మొదలైంది. పుస్తకం పొడుగూతా భయపెట్టి, చివరికొచ్చేసరికి అసలు దెయ్యమే లేదంటారు. మనసులో ఉన్న బెంగే దెయ్యంట! బెంగని ముందే చెప్తే లైటార్పుకుని సుబ్బరంగా పడుకునేదాన్ని కదా."

దెయ్యాల నవల అన్నాక దెయ్యం ఉండి తీరాలని ఆవిడ సిద్ధాంతం. అలాగని అన్నిటినీ తిట్టదు. కొల్లేరు తుంగలో ఉండే పిశాచం ఒకటి బస్సెక్కి, కండక్టరు టికెట్టు అడిగితే బిక్కమొహం వేస్తుంది ఒక నవలలో. దాన్ని కుక్కర్ కూత కూడా వినకుండా చదివేసింది. అందులో నేను సరిగ్గా నడుం వాల్చనేలేదు. నచ్చిన పుస్తకంలో నాకు పని తక్కువ, నచ్చని పుస్తకంలోనే నా కాపురం. ఒక మహా మాయానవల మొదటి సంపుటంలో, డ్రాగన్ గుడ్డు పక్కన వానాకాలమంతా పడి ఉన్నాను. ఆ గుడ్డు పగిలిందో మురిగిందో నాకు ఈనాటికీ తెలియదు.

ఒక్కసారి మాత్రం ఆవిడ నన్ను చదువు కోసం కాకుండా పట్టుకుంది. అప్పటికి వాళ్ళమ్మ తాడేపల్లిగూడెంలో కొడుకు దగ్గర ఉంటోంది. సాయంత్రం ఆ తమ్ముడు ఫోన్ చేశాడు, అమ్మకి బాగోలేదక్కా, వెంటనే వచ్చెయ్ అని. హైమవతి కట్టుబట్టలతో బస్సెక్కింది. సంచిలోంచి పుస్తకం తీసి తెరిచింది, మూసింది, నన్ను బయటికి తీసి వేళ్ళ మధ్య నలపడం మొదలుపెట్టింది. దారిలో రైలు గేటు పడింది. ఒక గూడ్సు బండి ఎంతకీ తెగకుండా పోతూనే ఉంది. ఆవిడ ఇంటికి చేరేసరికి తల్లి తల దగ్గర దీపం పెట్టేశారు. నా నడుం మీద ఉన్న మడత ఆనాటిదే. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళు పండగల గురించి, పిల్లల చదువుల గురించి, కరెంటు బిల్లుల గురించి కూడా మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఆ తమ్ముడి పేరు పార్థసారథి. టైల్స్ షాపులో మేనేజరు. గ్రానైటు గురించి తప్ప ఇంకేమీ తెలియదనుకున్న మనిషి ఉన్నట్టుండి నవల రాశాడు. పేరు 'నల్లచీమల కోట'. మాయలూ ఉన్నాయి, దెయ్యాలూ ఉన్నాయి. మొదటి కాపీ తెచ్చి అక్క చేతిలో పెట్టి, "ఎవరేమనుకున్నా నాకు పర్లేదక్కా. నువ్వు చదివి చెప్పాలి. అచ్చంగా ఎలా ఉందో చెప్పాలి" అన్నాడు. చెబుతున్నవాడి చెవులు ఎర్రబడ్డాయి.

హైమవతి ఆ రాత్రే మొదలుపెట్టింది. తెరవగానే మ్యాపు. "ఓరి నాయనో" అంది. కోటకున్న గుమ్మాల వర్ణన అయ్యాక బురుజుల వర్ణన వచ్చింది, అదయ్యాక ఏనుగుల వర్ణన. నలభయ్యో పేజీలో పట్టపుటేనుగు తొండం ఎత్తి ఘీంకరించబోతుండగా ఆవిడ నన్ను అక్కడ పడేసి నిద్రపోయింది. ఆ ఏనుగూ నేనూ అలాగే ఉండిపోయాం.

పార్థసారథి ఆదివారాలు భోజనానికి వస్తాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అతని చూపు టీవీ పక్కనున్న పుస్తకం మీదికి, అందులోంచి తల బయటపెట్టిన నా మీదికి వస్తుంది. "ఇంకా మొదట్లోనే ఉన్నావేంటక్కా?" అన్నాడు. డ్యూటీలు ఎక్కువయ్యాయిరా అంది ఆవిడ. అతని మొహం వాడిపోయింది. ముక్కూ మొహం తెలియని రచయితలందర్నీ ఉతికి ఆరేసే మనిషికి, ఆ ఒక్క మొహం చూసేసరికి ప్రాణం ఉసూరుమంది.

తర్వాతి ఆదివారం, పప్పు ఉడుకుతుండగా, తడి చేతులు చీర చెంగుకి తుడుచుకుని వచ్చి, నన్ను ఏనుగు దగ్గర్నించి పీకి ఎక్కడో ముందుకు గుచ్చింది. ఒక్క అక్షరం చదవలేదు. పార్థసారథి వచ్చి నన్ను చూశాడు. "అబ్బో, బాగా వచ్చేవే!" అని మరో ముద్ద ఎక్కువ తిన్నాడు. మనుషులు నా చేత అబద్ధం చెప్పించడం అదే మొదలు. ఆ పైన అది అలవాటైపోయింది. వారానికోసారి నేను చదువు లేకుండానే పై తరగతికి వెళుతున్నాను.

అలా జరుపుతూ జరుపుతూ ఒక వారం నన్ను తొమ్మిదో అధ్యాయం మధ్యలో పడేసింది. అక్కడ ఏనుగులు లేవు. కోట వంటశాలలో ముసలి వంటమనిషి ఒకామె చనిపోయింది. యమభటులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆమె కదలనంటోంది. కూతురు దారిలో ఉందట, వచ్చేదాకా వెళ్ళనంటోంది. 'మా అమ్మాయి బయలుదేరే ఉంటుంది నాయనా. గేటు పడుంటుంది, దాని తప్పేముంది? ఊరికే నిలబడ్డమెందుకు, కూర్చుని ఈ చిక్కుళ్ళు ఒలవండి' అంటోంది. ఆ రెండు పేజీల మధ్య నేను వారం రోజులు పడుకున్నాను. రాజుల కోట కథలో రైలు గేటు పడడమేమిటో మరెవరికైనా అర్థం కాకపోవచ్చు. నాకు నడుం మీది మడత కలుక్కుమంది. చెబుదామంటే నాకు నోరేది?

ఆ ఆదివారం పార్థసారథి నేనున్న చోటు చూసి సరిగ్గా అన్నం కలపలేదు.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా. చారు పోసుకో."

"అక్కడిదాకా వచ్చేవు కదా. నీకేం అనిపించలేదా?"

"అనిపించడానికేముంది, బాగుంది. అప్పడం వెయ్యనా?"

వద్దన్నాడు. చెయ్యి కడుక్కుని, షాపులో పనుందని వెళ్ళిపోయాడు. ఆదివారం షాపు ఉండదని ఆవిడకు గుర్తు రాలేదు. ఆ పైన కొన్ని వారాలు అతను రాలేదు. హైమవతి మొదట హమ్మయ్య అనుకుంది, తర్వాత వీడికేం పొయ్యేకాలమని కోప్పడింది.

చివరికొక ఆదివారం వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. "మొదటి ముద్రణ అయిపోయిందక్కా. రెండోది వేస్తన్నారు. తొమ్మిదో చాప్టరు తీసేసి ఫైలు పంపించేను" అన్నాడు.

"అదేంట్రా, ఎందుకు?"

"నీకు కష్టంగా అనిపించిందని నాకు తెలుసులే. అమ్మని తీసుకెళ్ళి దెయ్యాన్ని చేస్తాడా అనుకునుంటావు. అందుకే అది చదివి కూడా ఒక్క మాటనలేదు. తప్పు నాదే."

అతను మెట్లు దిగిపోయాడు. "అమ్మేంటి?" అంది హైమవతి, ఖాళీ గుమ్మంతో.

పొయ్యి కట్టేసింది. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి తొమ్మిదో అధ్యాయం మొదటినుంచీ చదివింది. యమభటులు చిక్కుళ్ళు ఒలిచారు, బియ్యంలో రాళ్ళేరారు, గిన్నెలు కూడా బోర్లించారు. ఆఖరికి కూతురు రొప్పుతూ వచ్చింది. ఆ వంటమనిషి, 'వచ్చేవా? పరిగెత్తుకొచ్చేవా? ముందు కాళ్ళు కడుక్కో' అని అన్నం పెట్టింది. కూతురు తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుని, అప్పుడు లేచి, 'ఇంక పదండి నాయనా' అంది. హైమవతి పుస్తకం గట్టు మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు. ఆ రోజు ఆలస్యమైన మనిషికి ఏడ్చే హక్కు కూడా లేదనుకుంది కాబోలు.

పుస్తకం సంచిలో వేసుకుని గూడెం బస్సెక్కింది. తమ్ముడు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నేను చదవలేదురా" అంది నిలబడే.

"ఏంటి?"

"నలభై పేజీలు చదివేను. అంతే. మిగతాదంతా నువ్వు చూస్తావని అట్టముక్క జరిపేను."

పార్థసారథికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. "ఊళ్ళో అందరి పుస్తకాలకీ నిజం చెప్తావు. నాకొక్కడికే అబద్ధం చెప్పేవా?"

"నీ మొహం చూడలేకపోయేన్రా." ఆవిడ అరుగు మీద కూలబడింది. "ఇవాళ చదివేను. అమ్మ ఉండుంటే అచ్చం అలాగే అనేదిరా. గేటు పడుంటుంది, దాని తప్పేముందని."

వీధిలో ఎవరిదో స్కూటర్ వెళ్ళింది.

"అందక్కా" అన్నాడు. "ఆ రోజు అదే మాటంది. అదే ఆఖరి మాట. నీకు చెబుదామంటే నోరు రాలేదు. అందుకే రాసేను."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత తీసెయ్యొద్దురా, ఇప్పుడే ఫోన్ చెయ్యమంది. అతను చేశాడు. పేజీలన్నీ అచ్చయిపోయాయనీ, బైండింగుకి వెళ్ళాయనీ ప్రెస్సువాళ్ళు చెప్పారు. మూడో ముద్రణలో పెడదాంలే అక్కా అన్నాడు. "నీ పుస్తకం మూడోసారి కూడా వేస్తారేంట్రా?" అంది ఆవిడ, ముక్కు చీదుకుంటూ. "వేస్తే గనక ముందా మ్యాపు తీసెయ్. ఏనుగుల్ని కూడా తోలెయ్. వంటింట్లోంచి మొదలెట్టు." అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

రెండో ముద్రణ మ్యాపుతో, ఏనుగులతో, వంటమనిషి లేకుండా బజార్లో ఉంది. చదివినవాళ్ళు బాగానే ఉందంటున్నారు. ఏదో లోపించిందని ఎవరికీ అనుమానం కూడా రాలేదు. మూడో ముద్రణ మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. హైమవతి మాత్రం తన కాపీని వాహిదాకి కూడా అరువివ్వదు.

నేను ప్రస్తుతం ఒక కొత్త రక్తపిశాచి నవలలో ఉంటున్నాను. ఇందులో పిశాచి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతుందట, హైమవతికి నచ్చేట్టే ఉంది, కాబట్టి ఎక్కువ కాలం ఉండనివ్వదు. నా పసుపు మూల వెలిసిపోయింది, మడత దగ్గర చిరుగు పట్టింది. ఏదో ఒక ఆదివారం చీపురు కిందికి వెళతాను. దానికి నాకేమీ దిగుల్లేదు. తమ్ముడి నవల అలమరలో ఆ చివర ఉంది. అప్పుడప్పుడు ఆవిడ దాన్ని తీస్తుంది. ఎలా పట్టుకున్నా అది ఆ వంటశాల దగ్గరే తెరుచుకుంటుంది. ఆ పేజీకి నాతో పని లేదు.