నూట పదహార్లు, హాలీ

వరప్రసాద్‌ది గట్టి గొంతు. కొత్త రాష్ట్రంతో పాటే గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చి, ఆబిడ్స్‌లో ఒక బ్యాంకు కౌంటరులో కూర్చున్నప్పటి నుంచి ఆ గొంతుకు పని బాగా పెరిగింది. నిజాం కాలపు హాలీ సిక్కా పట్టుకొచ్చేవాళ్లకు ఇండియా రూపాయలు, అంటే ఇక్కడివాళ్లు కల్దార్లనేవి, లెక్కకట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. మిగిలిన ఆ ఒక్క రూపాయి ఎటు పోయిందని రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. మొదట్లో ఓపిగ్గానే చెప్పేవాడు. అది నిజాం సర్కారు తన టంకశాలలో కొట్టించుకున్న నాణెం, ఇంగ్లీషువాళ్ల రూపాయి కంటే అందులో వెండి కాస్త తక్కువ, మారకం ఆనాటి నుంచీ అంతే అని. రానురాను విసుగెత్తి, "పోయి మీ నిజాంగారినే అడగండి" అనేసి పక్క కౌంటర్లవాళ్లను నవ్వించడం అలవాటు చేసుకున్నాడు.

యాభై ఎనిమిది వేసవిలో, నాంపల్లిలో అతను అద్దెకుంటున్న ఇంటి యజమాని రామచందర్ తన కూతురు అనసూయకు పెళ్లి చేశాడు. ఇంటి ముందే పందిరి వేసి, మైకు పెట్టించాడు. చదివింపుల వేళకు వరప్రసాద్ దగ్గరికొచ్చి, "ప్రసాద్ సాబ్, పైసల లెక్క మీకు ఎరుకే. గొంతు గూడ ఖంగుమంటది. జర మీరే చదువుండ్రి" అన్నాడు.

వరప్రసాద్ సంబరంగా మైకు అందుకున్నాడు. ఇత్తడి బిందె ఇచ్చినవాళ్ల మీద ఒక మాట, గోడ గడియారం ఇచ్చినవాళ్ల మీద ఒక మాట విసురుతూ చదివాడు. జనం నవ్వేకొద్దీ అతనికి హుషారెక్కింది.

అప్పుడు వచ్చింది జయమ్మ. వీధి చివర ఒంటి గదిలో ఉండే ముసలావిడ. అనసూయను కనగానే తల్లి పోతే, పసిగుడ్డును ఎత్తుకెళ్లి పాలు పట్టి పెంచింది ఆవిడే. భర్త రైల్వేలో ఖలాసీగా చేసి పోయాడు. ఆవిడ ఎర్రగుడ్డ మూట విప్పి బల్లమీద పెట్టింది. నిండా చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయలు.

"నూట పదహార్లు సారూ. పిల్ల పుట్టినప్పటి సంది మా ఆయన జీతంల నుంచి ఒక్కొక్కటి తీసిపెట్టిన. చదువుండ్రి."

"జయమ్మగారు, నూట పదహార్లు!" అన్నాడు వరప్రసాద్. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. "హాలీ సుమండీ! మా బ్యాంకు లెక్కలో తొంభైతొమ్మిది రూపాయల నలభైమూడు నయాపైసలు. వందైనా నిండలేదు. దీవెనలో కూడా తరుగు తీశారు జయమ్మగారు!"

పందిరంతా గొల్లుమంది. మగపెళ్లివారైతే ఒకరిమీద ఒకరు పడి నవ్వారు.

నవ్వులు సద్దుమణిగేదాకా జయమ్మ అక్కడే నిలబడింది. "నూట పదహార్లకు ఎంత తక్కువైంది సారూ?"

ఆవిడ కూడా తమాషాలో కలిసిందనుకున్నాడతను. "పదహారున్నర పైచిలుకు అవ్వా" అన్నాడు, మైకులోనే.

జయమ్మ తన ఎడమచేతి వెండి కడియం పట్టుకుని లాగింది. ఎన్నేళ్ల క్రితం తొడిగిందో, బొటనవేలి ఎముక దగ్గర పట్టేసింది. పెదవి బిగించి తిప్పి తిప్పి లాగింది. చర్మం దోక్కుపోయి నెత్తురు చిమ్మింది. కడియాన్ని రూపాయల పక్కన పెట్టి, "తక్కువైనదానికి గిది కలుపుండ్రి. నా బిడ్డకు తరుగు వద్దు" అని వెనక్కి తిరిగింది. అనసూయ పీటల మీద నుంచి లేచి "అవ్వా, అవ్వా" అని ఏడుస్తూ వెంటపడింది. జయమ్మ పిల్ల తల నిమిరి, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయింది.

తక్కిన చదివింపులు వేరెవరో చదివారు. ఇంటికొచ్చాక భార్య కామాక్షి అతని మొహం చూడకుండానే అడిగింది. "అంతమందిలో పెద్దావిడని అలా అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?"

అతనికి అంతకంటే లోపల ఇంకొకటి గుచ్చుకుంటోంది. వెండి ధర పెరిగింది. కల్దారులో ఇప్పుడు వెండే లేదు, ఉత్త నికెలు. వెండి వ్యాపారం చేసే సరాఫులు ఆ హాలీ నాణేలను తూకానికి కొని కల్దారు కంటే ఎక్కువే ఇస్తున్నారు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అది చెబితే ఎవరూ నవ్వరు కాబట్టి చెప్పలేదు.

మర్నాడు, జయమ్మకు తిరిగి ఇచ్చేందుకు కడియం అడుగుదామని రామచందర్ దగ్గరికి వెళ్లాడు. "ఇచ్చినామె ఎనుకకు తీసుకుంటదా సాబ్? అనసూయ చేతికేసుకొని అత్తగారింటికి పోయింది" అన్నాడు రామచందర్, అంతకుమించి ఏమీ అనకుండా. వరప్రసాద్ ఉత్త చేతులతోనే జయమ్మ గడప ఎక్కాడు.

"రాండ్రి సారూ" అని ఆవిడ చాప వాల్చింది. మణికట్టుకు పసుపుగుడ్డ కట్టి ఉంది. ఆ చేత్తోనే చాయ్ వడగట్టింది.

"తప్పయిపోయింది జయమ్మగారూ. నలుగురినీ నవ్విద్దామని..."

"నవ్వించిన్రు. నవ్విన్రు." గ్లాసు అతని ముందు పెట్టింది. "మా ఆయన ఏడు రూపాయలు చేతిల పెడితే ఏడే అనుకున్న. ఏడు రూపాయల బియ్యమే తెచ్చుకున్న. మీరొచ్చినంక మా మాట నవ్వులాటైంది. మా పైస గూడ నవ్వులాటైంది."

ఆవిడకు ఊరటగా ఉంటుందనుకుని అతను, "అసలు మీ నాణేల్లో వెండికి బజార్లో ఎక్కువే వస్తుందండీ. నూట పదహార్లకు ఏమీ తగ్గలేదు. నాకు తెలుసు" అన్నాడు.

జయమ్మ తలెత్తి చూసింది. "ఎరుకుండే గట్లన్నరా?"

చాయ్ గ్లాసు సగంలో వదిలేసి ఎలా లేచాడో, ఏ సందులోంచి ఇంటికొచ్చాడో అతనికే తెలియదు.

మరుసటి ఏడు హాలీకి కాలం చెల్లబోతోందని తెలిసి బ్యాంకుకు జనం విరగబడి వచ్చారు. ఒక మధ్యాహ్నం జయమ్మ కూడా నాలుగు పాత నోట్లు మడిచి పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ క్షణాన వరప్రసాద్ ముందు ఎవరూ లేరు. "ఇటు రండి జయమ్మగారూ" అన్నాడు, తనకే సరిగా వినిపించనంత మెల్లగా.

ఆవిడకు వినిపించింది. అతని వైపు ఒకసారి చూసి, కొంగు సవరించుకుని, పక్క కౌంటరు దగ్గర గోడదాకా సాగిన వరుసలో చివర నిలబడింది. చాలాసేపటికి ఆవిడ వంతు వచ్చింది. కల్దార్లు తీసుకుని పోతూ పోతూ అతని ముందు ఆగి, "మంచిగున్నరా సారూ? ఇంట్ల అమ్మ మంచిగున్నదా?" అని అడిగింది.

"ఆఁ" అన్నాడు వరప్రసాద్. ఆవిడ మెట్లు దిగి వెళ్లేదాకా తల ఎత్తలేకపోయాడు.