విసరాల్సిన హారం

మొనకేవ పడవ కిటావా దీవి నుంచి వచ్చి మా ఒడ్డున ఆగేసరికి, నా భర్త మేనల్లుడు గిడియన్ దోగినను మెడలో వేసుకుని కూర్చున్నాడు.

దోగిన మా ఇంట్లో ఉన్న హారం. ఎర్రటి ఆల్చిప్పను ముక్కలు చేసి, రాతి మీద అరగదీసి, తొలిచి గుచ్చినది. మొదట ఎవరు చేశారో తెలియదు. ఎవరెవరి చేతులు మారిందో మాత్రం మా దీవుల్లో పెద్దవాళ్ళందరూ చెప్పగలరు. ఇలాంటి హారం దీవి నుంచి దీవికి తిరుగుతూనే ఉండాలి, ఎవరి దగ్గరా నిలిచిపోకూడదు.

మాకు హారం మగది, తెల్లటి శంఖపు కంకణం ఆడది. ఇచ్చిపుచ్చుకునే నేస్తం మొనకేవ అలాంటి కంకణాన్ని ముందే నా భర్తకి ఇచ్చాడు. దానికి జోడుగా దోగినను ఇస్తానని నా భర్త మాటిచ్చి, తీర్చకుండానే పోయాడు. మాలో మేనమామ సొత్తు మేనల్లుడిది. మాట కూడా వాడిదే.

"తీసి ఇచ్చెయ్యరా," అన్నాను.

"ఏం అత్తా, నీ పుట్టింటి సొమ్మా? మోర్స్‌బీ పట్నంలో మా ఆఫీసువాళ్ళు చూడాలి దీన్ని."

"దాచుకున్నాడని దీవులన్నీ చెప్పుకుంటాయి."

"చెప్పుకునేది మామ పేరు కదా. నాకేం?"

అదే నా కడుపుమంట. నా భర్త అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు.

ఊరంతా ఒడ్డున చేరి గుడ్లురిమి చూస్తుంటే గిడియన్‌కి తప్పలేదు. హారం తీసి, రెండు చేతులా పట్టుకుని, నవ్వుతూ మొనకేవకి అందించబోయాడు.

"తీసుకోండి పెద్దాయనా. ఇన్నాళ్ళు ఓపిక పట్టారు, సంతోషం."

హారాన్ని అలా ఇవ్వరు. కసురుకుంటూ, చెత్త పారేసినట్టు నేల మీద విసరాలి. తీసుకునేవాడు కూడా తీసిపారేసినట్టు మాట్లాడాలి, వంగడు, వెంట వచ్చినవాడు ఏరుకుంటాడు. చేతికి అందిస్తే అది బేరం. పట్నంలో పెరిగినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పలేదు.

"నేను దుంపలు కొనుక్కోవడానికి వచ్చానా అబ్బీ?" అన్నాడు మొనకేవ. "నీ మామ నాకెప్పుడూ ఇంత మర్యాద చేసి అవమానించలేదు. తెరచాప ఎత్తండ్రా!"

ఇప్పుడు చెవిలో చెప్పినా లాభం లేదు. చెప్పించుకుని విసిరాడని అందరూ నవ్వుతారు.

"చూడండర్రా మా దొరబాబుని!" అని గొంతెత్తాను. "మామ మంచాన పడితే పడవ దొరకలేదన్నాడు. హారం అనగానే విమానం దొరికింది!"

"నోరు మూసుకో అత్తా!"

"మూసుకోను. ఒక్క దుంప పండించిన చేతులేనా అవి? తిండికి లేనివాడా!"

మాలో మగవాణ్ణి అంతకంటే పెద్ద మాట అనలేరు. గిడియన్ దోగినను ఇసుకలోకి విసిరికొట్టాడు.

"పట్టుకుపొండి! మీరూ ఇదీ ఈ ముసలిదీ అందరూ సముద్రంలో పడి చావండి!"

మొనకేవ ఆగాడు. హారం వంక ఓరగా చూశాడు.

"ఇంతేనా? పెద్దదన్నారే," అని మొహం తిప్పుకున్నాడు. అతని అల్లుడు దాన్ని ఏరి బుట్టలో పడేశాడు. ఇచ్చిపుచ్చుకోవడం అయిందని శంఖం ఊదారు.

పడవ ఎక్కుతూ మొనకేవ గిడియన్‌తో, "నీ మామ కూడా ఇంత బాగా తిట్టేవాడు కాదు," అన్నాడు.

గిడియన్‌కి ఏమీ అర్థం కాలేదు. నా మీదికి వచ్చాడు.

"రేపే మీవాళ్ళ ఊరికి పో. ఈ ఇంట్లో కనిపించావంటే ఊరుకోను."

"నీ నీడన ఉండాలని నాకూ లేదు," అని లోపలికి వెళ్ళి నా చాప చుట్టుకున్నాను. బయట ముసలివాళ్ళు వాడి చుట్టూ చేరి, ఏం విసిరావురా అని భుజం తడుతున్నారు. వాడు వాళ్ళ మీద కూడా అరుస్తున్నాడు.